ఒకరి గడపకు ఒకరు కావలి

(శతవార్షికోత్సవ కూడికలలో మహానంది ప్రాంత సంఘముల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగ అనగా లెక్కల పండుగ కూడాను. ఎన్ని గుడులు కట్టితిమి, ఎన్ని బడులు నడిపితిమి, ఎందరు బాప్తిస్మము పొందిరి, ఎందరు గురువులుగా అభిషేకము పొందిరి అని ఈ సంచికలో వ్రాసికొనుచున్నాము. అవన్నియు వ్రాయదగిన లెక్కలే. అయితే మన సంఘపు రిజిస్టర్లలో ఎక్కడను కనబడని లెక్క ఒకటి ఉన్నది. ఆదివారమున మన ప్రక్కన కూర్చుండి పాట పాడు కుటుంబములలో ఎన్ని కుటుంబములు ఈ రాత్రి 'ఇది మాది' అని చెప్పుకొనగల కప్పు క్రింద పండుకొనుచున్నవి? వచ్చు క్రిస్మస్ నాటికి అదే గడపలో దీపము పెట్టుకొందుమని ఎందరు ధైర్యముగా చెప్పగలరు?

ఈ ప్రశ్నకు ఇంకొక ప్రశ్న జతచేయుచున్నాము. ప్రక్క తండాలోని సుగాలి కుటుంబము, ఊరి చివరి దూదేకుల కుటుంబము, రాళ్లు కొట్టు వడ్డె కుటుంబము, కొండ అంచున ఉన్న చెంచు కుటుంబము, వీరి కప్పు సంగతి మనకు తెలియునా? తెలిసినను అది మన సంగతి అని అనుకొనుచున్నామా? కూలి చేసి బ్రదుకు కుటుంబములు కులము వేరైనను, మతము వేరైనను, ఇంటి భాష వేరైనను, గూడు విషయములో ఒకరికొకరు ఎట్లు నిలువగలరు, నిలువకపోయినచో ఏమగును అనునది నేటి మన ధ్యానము.

గోడ పని ఆగిన దినము

నెహెమ్యా గ్రంథము మనకు బాగుగా తెలిసినదే. గుడి కట్టునప్పుడెల్ల మూడవ అధ్యాయము చదువుకొందుము. కంసాలులు, సుగంధద్రవ్యములు చేయువారు, పల్లెలవారు, తన కుమార్తెలతో కూడ వచ్చిన షల్లూము, అందరును తమ తమ వంతు గోడ కట్టిరి. తెకోవ ఊరి ఘనులు మాత్రము మెడ వంచలేదు. ఇంతవరకు ప్రసంగములలో వినియున్నాము. అయిదవ అధ్యాయము అంతగా వినము.

గోడ సగమునకు లేచినప్పుడు బయటి శత్రువులు బెదిరించిరి. ఎగతాళి చేసిరి. అయినను పని ఆగలేదు, ఒక చేత పని, ఒక చేత ఆయుధము పట్టుకొని కట్టిరి. అట్టివారిని నిలిపివేసినది లోపలి ఏడుపు. కరువులో గింజల కొరకు పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువ పెట్టితిమనియు, పన్ను కట్టుటకు అప్పు చేసితిమనియు, బిడ్డలు దాస్యమునకు పోవుచున్నారనియు పేదలు మొరపెట్టిరి. ఎవరి మీద? అన్యుల మీద కాదు. ప్రక్కన నిలిచి రాయి అందించుచున్న సొంత సహోదరుల మీద.

నెహెమ్యా ఏమి చేసెనో గమనించుడి. ముందు గోడ పూర్తి కానిండు, ఇండ్ల సంగతి తరువాత చూతమని ఆయన అనలేదు. గొప్ప సమాజము కూర్చెను. తానును తనవారును కూడ అప్పులిచ్చినవారేనని అందరి ఎదుట చెప్పి, పొలములతో పాటు ఇండ్లను కూడ తిరిగి ఇప్పించెను. యాజకుల ఎదుట ప్రమాణము చేయించెను. ఊరి చుట్టు గోడ ఎంత ఎత్తుగా ఉన్నను, లోపల ఒకని ఇల్లు ఇంకొకని గుప్పిట ఉన్నంతవరకు అది ఊరు కాదని ఆయన ఎరుగును. ఈ వాక్యభాగమును చేతపట్టుకొని మన కొండ క్రిందికి వత్తము.

మన కొండ క్రింద

నల్లమల అంచున మహానంది కోనేటి నీరు ఎండకాలములోను ఆగదు. ఆ నీరు దిగువ పొలములకు, అరటి తోటలకు పారును. కరువు సీమలో ఇంత పచ్చదనము అరుదు. పచ్చదనమున్న చోటికి కూలి జనము వచ్చును. అరటి గెలలు కోసి లారీలకు ఎత్తువారు, సత్రములలో గదులు ఊడ్చువారు, శివరాత్రి తిరునాళ్లలో కొట్లు పెట్టుకొనువారు, ఆటోలు నడుపువారు, నంద్యాలలో ఇండ్లు కట్టు బేల్దారులు, బేతంచెర్లలో నాపబండలు కోయువారు. ఇతరుల ఇండ్లకు బండలు పరచు చేతులు ఇవి. వీరి ఇండ్లలో చాలమట్టుకు మట్టినేలయే.

వీరి కప్పులు నాలుగు విధములు. మొదటిది పోరంబోకు మీద వేసిన కొట్టము. అడవి భూమి, దేవస్థానపు భూమి, చెరువు కట్ట, రోడ్డు ప్రక్క, ఇట్టి చోట్ల తాతల నాటి నుండి ఉన్నను కాగితము ఉండదు. రెండవది తోటలో కావలి కొట్టము. పని ఉన్నంతవరకే గుడిసె, మాట పడినచో ఆ సాయంత్రమే మూట కట్టవలెను. మూడవది పట్టణములో అద్దె గది. నాలుగవది పట్టా ఉండియు లేవని ఇల్లు. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటను సుమారు 30 లక్షల మంది స్త్రీల పేర ఇండ్ల పట్టాల పంపిణీ మొదలైనది. పల్లెలలో సెంటున్నర, పట్టణములలో ఒక సెంటు. అందులో ఇల్లు లేచినవారున్నారు, దేవునికి స్తోత్రము. కాగితము పెట్టెలో దాచుకొని అద్దె గదిలోనే ఉన్నవారును ఉన్నారు.

ఇక పడమటి వైపు, ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు ప్రాంతములవారు ఏటేట పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు పోవుదురు. సొంత ఇంటికి తాళము వేసి, పొలము గట్టున పట్టా కప్పుకొని నెలల తరబడి ఉందురు. వారికి ఇల్లు ఉన్నను కాపురము లేదు.

ఈ నాలుగు విధముల కప్పుల క్రింద ఎవరున్నారు? మాలలున్నారు, మాదిగలున్నారు, బోయలున్నారు, సుగాలీలున్నారు, వడ్డెలున్నారు, ఎరుకలవారున్నారు, దూదేకులవారున్నారు. వాన వచ్చినప్పుడు అన్ని కొట్టములును ఒకే విధముగా కారును. మరి మొర పెట్టునప్పుడు ఎందుకు వేరు వేరుగా పెట్టుచున్నాము?

మనలను విడదీయు జాబితాలు

ఇందుకు కారణము మనుష్యుల చెడ్డతనమొకటే కాదు. ప్రభుత్వము ఇచ్చునది జాబితాల ద్వారా ఇచ్చును. జాబితా తలకొక పేరు పెట్టును. ఈ పేర్లు ఒకప్పుడు మేలు కొరకే ఏర్పడినవి. తరతరములుగా తొక్కబడినవారికి వారి వంతు చేరుటకు అవి అవసరమే, అందుకు విరోధముగా మాటలాడుట లేదు. కాని ఆ జాబితా తలుపు దగ్గర నిలిచి, లోపల ఉన్నవాడు బయటనున్నవానిని శత్రువుగా చూచుట మొదలుపెట్టినప్పుడు కీడు పుట్టుచున్నది.

ఈ బాధ మనకంటె బాగుగా ఎవరికి తెలియును? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరువబడినది. క్రైస్తవులకు తెరువబడలేదు. మన రాష్ట్రములో దళిత క్రైస్తవులు బి.సి. 'సి' వర్గములో ఉన్నారు. 2023 మార్చి 24న రాష్ట్ర శాసనసభ మనకును ఆ హోదా ఇవ్వవలెనని కేంద్రమును కోరుచు తీర్మానము చేసినది. ఒకే గోడ పంచుకొను ఇద్దరు అన్నదమ్ములలో ఒకడు ఒక జాబితా, ఇంకొకడు ఇంకొక జాబితా. ఇద్దరి కొట్టమునకు వేసిన బోద ఒకే గడ్డివామి నుండి వచ్చినది!

ఇట్టి బాధ ఎరిగిన మనము, ఊరిలో పట్టాలు వచ్చినవని వినగానే మొదట అడుగు మాట ఏది? 'మనోళ్లకు ఎన్ని వచ్చినాయి?' ఆ మాటలో తప్పు లేదు, ఆకలిగొన్నవాడు ముందు తన గిన్నె చూచుకొనును. అయితే తండావారు కూడ అదే అడుగుదురు, దూదేకులవారు కూడ అదే అడుగుదురు. మూడు గుంపులు మూడు అర్జీలతో మూడు దినములలో తహసీల్దారు కార్యాలయమునకు పోవుదురు. మూడు అర్జీలను మూడు మూలల పెట్టుట సులభము. అందరు కలసి ఒక్క దినమున తెచ్చిన ఒక్క అర్జీని మూలకు పెట్టుట అంత సులభము కాదు.

మన జిల్లాలలోనే 1981లో జరిగినది తలంచుకొందము. శ్రీశైలము ఆనకట్టకు 1963లో పునాది వేసిరి. నీరు నిలుపు కాలము వచ్చినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో దాదాపు నూరు గ్రామములు మునిగినవి, లక్షకు పైగా జనము చెల్లాచెదరైనది. 1981 జూన్‌లో ఇండ్లు కూల్చిన పనికి 'ఆపరేషన్ డెమొలిషన్' అని పేరు. కూడవెల్లిలోని సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి ఆలంపురమునకు తరలించి మరల నిలిపిరి. ప్రాచీనమైన ఆ శిల్పము నిలిచినందుకు సంతోషమే. అయితే ఆ ఊళ్లలోని కూలివాని బ్రదుకును అంత జాగ్రత్తగా విప్పి మరియొక చోట నిలిపినవారు లేరు. పరిహారము పట్టాను బట్టి లెక్కింపబడును. పట్టా లేని పాలేరుకు, బట్టలుతుకువానికి, చెప్పులు కుట్టువానికి పోయినది పొలము కాదు, పని ఇచ్చు ఊరే పోయినది. ఆ నష్టమునకు జాబితాలో గడియే లేదు. ఒకని పొలమును, ఒకని పనిని ఒకే ఊరి నష్టముగా ఎంచి అడిగియుండినచో, ఆ గడి లేని జనమునకును ఒక గొంతు ఉండెడిది.

సముద్రము దాటిన మనవారి కథ

ఇప్పుడు మీ తలంపులను చాల దూరము తీసికొని పోవుచున్నాము. అక్కడ ఉన్నది మనవారే, కావున దూరమని తలంపకుడి. 1860 నవంబరులో మొదటి ఓడ మద్రాసు నుండి ఆఫ్రికా దక్షిణ తీరమున ఉన్న నేటాలుకు చేరినది. 1911 వరకు సుమారు లక్షా 52 వేల మంది మన దేశస్థులు ఒప్పంద కూలీలుగా చెరకు తోటలకు పోయిరి. వారిలో తమిళులతో పాటు తెలుగువారు అనేకులు. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టు సంఘము జాన్ రంగయ్య గారిని వారి యొద్దకు మిషనరీగా పంపినది. కూలి ఇచ్చి బ్రదుకు తెలుగు సంఘము సముద్రము దాటి సువార్తికుని పంపినదన్నమాట! ఆయన కెర్స్‌నీ తేయాకు తోటలలో సంఘము స్థాపించెను.

ఒప్పందము తీరినవారు డర్బన్ పట్టణము చేరిరి. పట్టణ పాలకులు తమ పారిశుధ్య కూలీలకు మాగజైన్ బారక్స్ అను ఇరుకు వరుస ఇండ్లు కట్టిరి. అందులో తెలుగు, తమిళ కుటుంబములే ఎక్కువ. మరికొందరు కాటో మేనర్ అను లోయలో భూమి కొని, లేక కౌలుకు తీసికొని కూరగాయలు పండించిరి. అదే కాలములో పట్టణములో పని చేయు ఆఫ్రికా కూలీలకు ఉండుటకు చట్టప్రకారము చోటు లేకపోయెను. వారు కాటో మేనర్‌లో భారతీయుల స్థలములలో అద్దె ఇచ్చి రేకుల గుడిసెలు వేసికొనిరి. ఇద్దరును పేదలు. ఇద్దరిని తెల్లవారి ప్రభుత్వము తక్కువగా చూచినది. అయినను ఒకడు అద్దె పుచ్చుకొనువాడు, ఒకడు అద్దె ఇచ్చువాడు. ఒకడు కొట్టు యజమాని, ఒకడు అప్పుకు సరుకు తీసుకొనువాడు.

1947 మార్చిలో ఆఫ్రికావారి నాయకుడు డాక్టర్ జుమా, భారతీయుల నాయకులు డాక్టర్ నాయకర్, డాక్టర్ దాదూ ముగ్గురును కలసి పోరాడుదుమని ఒప్పందము వ్రాసిరి. అది మంచి కాగితము. కాని కాటో మేనర్ గుడిసెల గడపల దగ్గర ఆ కాగితము చేరలేదు. 1949 జనవరి 13న బజారులో ఒక భారతీయుడు ఒక ఆఫ్రికా బాలుని కొట్టగా రగిలిన కోపము రెండు మూడు దినములు పట్టణమును కాల్చినది. ప్రభుత్వ లెక్క ప్రకారము 142 మంది చనిపోయిరి. వారిలో భారతీయులకంటె ఆఫ్రికావారే ఎక్కువ, అనేకులు పోలీసుల, సైనికుల తుపాకులకు బలియైరి.

లాభము ఎవరికి కలిగెను? 1950లో ప్రభుత్వము గ్రూప్ ఏరియాస్ ఆక్ట్ అను చట్టము చేసి, జాతికొక ప్రాంతమని గీతలు గీసినది. కాటో మేనర్ తెల్లవారిదని 1958లో ప్రకటించిరి. గుడిసెలలోని ఆఫ్రికావారిని క్వామషు మొదలగు చోట్లకు తోలిరి, భూమి కొనుక్కొన్న భారతీయులను చాట్స్‌వర్త్‌కు తోలిరి. మాగజైన్ బారక్స్‌లోని మనవారు కూడ 1960 తరువాతి ఏండ్లలో చాట్స్‌వర్త్ చేరిరి. అద్దె పుచ్చుకొన్నవాడును, అద్దె ఇచ్చినవాడును ఇద్దరును వెళ్లగొట్టబడిరి. వారు కొట్లాడుకొన్న నేల ఏండ్ల తరబడి బీడుగా పడియుండెను. ప్రియులారా, ఈ బీడును మరువకుడి.

కథ అక్కడ ముగియలేదు. 1994లో వర్ణవివక్ష ప్రభుత్వము తొలగినది. ఆఫ్రికా కుటుంబములు కొన్ని చాట్స్‌వర్త్ ఫ్లాట్లలో కాపురమునకు వచ్చినవి. బట్టల మిల్లులు మూతపడి అనేకులకు పని పోయినది. అద్దె బాకీ పడినవారిని ఖాళీ చేయించుటకు, నీళ్లు ఆపివేయుటకు నగరపాలక సంస్థ మనుష్యులు వచ్చిరి. 1999, 2000 సంవత్సరములలో ఆ మెట్ల మీద భారతీయ స్త్రీలును ఆఫ్రికా స్త్రీలును కలసి కూర్చుండిరి. ఫాతిమా మీర్ అను పండితురాలు ముసలితనములో వారి ప్రక్కన నిలిచిరి. భారతీయులు కనుక మీకేమి తక్కువ అని ఎత్తిపొడిచినప్పుడు, ఇక్కడ ఉన్నది భారతీయులు కాదు, పేదలు అని ఆ స్త్రీలు బదులు చెప్పిరట. యాభై ఏండ్ల క్రిందట డాక్టర్లు వ్రాసిన కాగితము చేయలేని పనిని ఆ మెట్లు చేసినవి.

2005లో అదే డర్బన్‌లో, భారతీయులు నివసించు క్లేర్ ఎస్టేట్ మధ్యనున్న కెన్నెడీ రోడ్డు గుడిసెలవారు తమకు చూపిన స్థలము చేతికి రాలేదని రోడ్డు మీదికి వచ్చిరి. గుడిసెవాసులు అని అర్థమిచ్చు 'అబాహ్లాలి బసెమ్జొండోలో' అను సంఘము పుట్టినది. మోటాలా హైట్స్ అను చోట ఆఫ్రికావారును పేద భారతీయులును అందులో కలసి నిలిచిరి. నేటాలు ఆంగ్లికన్ బిషప్, భారతీయ సంతతివాడైన రూబిన్ ఫిలిప్ గారు వారిని బహిరంగముగా బలపరచిరి. గుడిసెలవారిని తొలగించుటకు చేసిన రాష్ట్ర చట్టములోని ముఖ్యమైన భాగమును వారు న్యాయస్థానములో ఎదిరింపగా, 2009 అక్టోబరులో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము దానిని కొట్టివేసినది. పేదలు కలసి అడిగినప్పుడు చట్టము కూడ వెనుకకు పోయినది.

సంతోషకరమైన మాటతో ఆపివేయుట సులభము. అయితే సత్యము చెప్పవలెను. 2021 జూలైలో అదే డర్బన్ ప్రక్కన ఫీనిక్స్‌లో అల్లరులు చెలరేగినప్పుడు ముప్పదికి పైగా మనుష్యులు చంపబడిరి. చనిపోయినవారు అధికముగా ఆఫ్రికావారు, చంపిన గుంపులలో భారతీయ సంతతివారున్నారు. ఇరవై ఏండ్ల క్రిందట మెట్ల మీద కలసి కూర్చున్న పట్టణము ఇదే. ఐక్యత పెట్టెలో దాచుకొను బంగారము వంటిది కాదు, ప్రతి ఉదయము పొయ్యిలో రాజబెట్టుకొనవలసిన నిప్పు వంటిది.

నేర్చుకొనునది

ఈ కథలన్నిటి నుండి ఒక్క మాట నేర్చుకొందము. పేదరికము ఒక్కటే మనుష్యులను కలుపదు. కాటో మేనర్‌లో ఇద్దరును పేదలే, అయినను తగులబెట్టుకొనిరి. తీర్మానములు కూడ వాటంతట అవి కలుపవు. ఒకని గడప దగ్గరికి అపాయము వచ్చిన దినమున వేరొక కులమువాడు, వేరొక మతమువాడు వచ్చి ఆ గడప మీద కూర్చున్నప్పుడు మాత్రమే కలయిక మొదలగును. అంతకు ముందు ఉన్నది మర్యాద మాత్రమే.

ఇక్కడ ఒక సందేహము మనలో కొందరికి కలుగును. 'అయ్యగారూ, వాళ్ల కోసం పోతే మనకు రావలసింది కూడా పోతుంది కదా?' ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. ఒక పట్టా కొరకు పదేండ్లు తిరిగినవాడు అడుగు మాట ఇది. పోవచ్చును. ఒకసారి కాకపోయినను మరియొకసారి నష్టము రావచ్చును. అయితే ఒంటరిగా సంపాదించుకొన్నది ఎంత గట్టిది? నాబోతుకు పిత్రార్జితమైన హక్కు ఉండెను, చట్టము ఉండెను. లేనిది ఒక్కటే, ఊరి పెద్దలు అబద్ధసాక్ష్యమునకు తల ఊపినప్పుడు 'కాదు' అని చెప్పిన ఒక్క పొరుగువాడు. పట్టా మనకు హక్కు నిచ్చును. ఆ హక్కుకు కావలి పొరుగువాడే.

చేయదగిన పనులు

ధ్యానము ప్రార్థనతో ఆగక పనిలోనికి పోవలెను గనుక కొన్ని సంగతులు మీ ముందు ఉంచుచున్నాము.

మొదటిది మన ఇంటి నుండియే. పట్టణములలో మనవారు అద్దె ఇంటికి పోయినప్పుడు మొదట అడుగునది పేరు, తరువాత కులము, తరువాత మాంసము తిందురా అని. తలుపు మూసిన శబ్దము మన బిడ్డలు ఎరుగుదురు. దేవుని దయ వలన నేడు మనలో కొందరికి మిద్దెలున్నవి, అద్దెకిచ్చు గదులున్నవి. అట్టివారు సుగాలి కూలికి, ముస్లిము ఆటో డ్రైవరుకు, మాలలైతే మాదిగకు, మాదిగలైతే మాలకు ఆ తలుపు మూయకుందురు గాక. అద్దె పుచ్చుకొన్నప్పుడు చీటీ వ్రాసి ఇచ్చెదరు గాక. బిడ్డల పరీక్షల దినములలో ఖాళీ చేయుమనకుందురు గాక. నెహెమ్యా మొదట తన చేతులు చూపి తరువాత ఇతరులను అడిగెను. సంఘపు స్థలములలో కాపురమున్నవారి విషయములోను ఇదే న్యాయము. సంఘమే అన్యాయపు యజమాని అయినచో ప్రసంగ వేదిక మీద నుండి చెప్పుటకు ఏమి మిగులును?

రెండవది ఒక్క అర్జీ. ఇల్లులేనివారి పేర్లు వ్రాయునప్పుడు సంఘస్థుల పేర్లతో ఆపకుడి. ఆ వాడలో, ఆ తండాలో, ఆ కొండ అంచున ఉన్న వారందరి పేర్లు ఒకే కాగితము మీద వ్రాయుడి. మన యౌవనస్థులలో చదువుకొన్నవారు అనేకులున్నారు. సాయంకాలమున గుడి వసారాలో దీపము పెట్టి, వచ్చినవారందరికి ఫారములు నింపి ఇయ్యవచ్చును. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, రేషన్ కార్డు, వీటి నకళ్లు ఒకచోట భద్రపరచుట చిన్న పని వలె కనబడును. వరద వచ్చినప్పుడు, కూల్చివేత వచ్చినప్పుడు ఆ కాగితమే సాక్షి. 2009 అక్టోబరులో కర్నూలు పట్టణము మునిగినప్పుడు తడిసిన పెట్టెలను తలంచుకొనుడి. అడవి అంచున ఉన్న చెంచులకు 2006 నాటి అటవీ హక్కుల చట్టము కొన్ని హక్కులు ఇచ్చుచున్నది. ఆ మాట వారికి చేర్చుట కూడ సువార్త పనిలో భాగమే.

మూడవది తాళము వేసిన ఇంటికి కావలి. కోతలకు పోవు కుటుంబము ఏ కులమైనను, వారి ఇంటి గోడ వానకు కూలకుండ, వారి స్థలము ఎవరును ఆక్రమింపకుండ మనము చూచుచుందుము. బడికి పోవు బిడ్డలను ఇక్కడ ఉంచి పోదలచిన తల్లికి స్త్రీల మైత్రి తోడు నిలువవలెను. కారము తగిలి వ్రేళ్లు మండుచు తిరిగి వచ్చిన తల్లికి, తన ఇల్లు తన బిడ్డ క్షేమముగా కనబడుటకు మించిన ప్రసంగము లేదు.

నాల్గవది కష్ట దినము. ఎవరి కొట్టమునైనను తీసివేయుటకు మనుష్యులు వచ్చినారని వినినప్పుడు, అది మనవారి వాడ కాకపోయినను, మన పెద్దలు ముందుగా పోవలెను. రాయి ఎత్తకూడదు, దుర్భాషలాడకూడదు. వ్రాతపూర్వకమైన నోటీసు చూపుడని మర్యాదగా అడుగవలెను. బొంబాయి పేవ్‌మెంటు వాసుల కేసులో 1985లోనే సుప్రీమ్ కోర్టు, జీవనోపాధి కూడ జీవించు హక్కులో భాగమనియు, నోటీసు ఇచ్చి వారి మాట వినకుండ తొలగింపరాదనియు చెప్పినది. అంతమాత్రమున ఎవరిని ఎన్నటికి తొలగింపరాదని కాదు. మనిషిని మనిషిగా ఎంచి అతని మాట వినవలెనని. ఈ చిన్న సంగతి తెలిసిన నలుగురు పెద్దలు గడప దగ్గర నిలిచినచో, ఆ దినమున తెల్లవారుఝామున జరుగవలసిన కూల్చివేత ఆగి, మాటలకు చోటు కలుగవచ్చును.

ముగింపు

మన పితరులు ఈ ప్రాంతములో సువార్తను అంగీకరించిన కాలములో వారికి ఊరిలో ఇల్లు లేదు. ఊరి వెలుపలనే ఉండిరి. 1876, 77 సంవత్సరములలో వచ్చిన ధాత కరువు ఆ కొద్దిపాటి గుడిసెలను కూడ ఖాళీ చేసినది. కర్నూలు జిల్లా జనాభాలో దాదాపు నాలుగవ వంతు తగ్గెనని ఆనాటి జనగణనలు చూపుచున్నవి. అట్టి వెలుపలివారితో దేవుడు తన సంఘమును కట్టెను. నూరేండ్ల తరువాత మనలో కొందరము లోపలికి వచ్చితిమి. లోపలికి వచ్చినవారు చేయు మొదటి పని వెనుక తలుపు మూసికొనుటయా, లేక వెలుపల నిలిచినవారికి చేయి చాచుటయా? మన రెండవ నూరేండ్ల లెక్క ఈ ప్రశ్నతోనే మొదలగుచున్నది.

తల వాల్చుటకు స్థలము లేక తిరిగిన మన ప్రభువు, కారుచున్న ప్రతి కొట్టములోను మనకంటె ముందుగా ఉన్నాడు. ఆయనను అక్కడ కలిసికొందము. వచ్చు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ప్రతి సంఘమునుండి ఇద్దరు పెద్దలు, ఇద్దరు స్త్రీలు, ఇద్దరు యౌవనస్థులు తమది కాని ఒక వాడకు పోయి, కూర్చుండి, వారి ఇంటి సంగతి అడిగి రావలెనని ప్రార్థనాపూర్వకముగా కోరుచున్నాము. ఉపదేశము చేయవద్దు. వినిరండి. వారు మజ్జిగ ఇచ్చినచో త్రాగిరండి. పేర్లు వ్రాసికొని రండి.

ఇల్లు కట్టువాడును, ఇంటిని కాయువాడును అయిన దేవుడు మీ గడపలను, మీ పొరుగువారి గడపలను కాపాడును గాక. ఆమేన్.